ఇఱుకు చోట దండు నడక

మన సంఘ సభ్యులలో చాలమందికి మిడుతల దండనునది సామెతలో విన్న మాటయే గాని కన్నులార చూచినది కాదు. అయినను 2020వ సంవత్సరము మే నెలలో ఆ మాట మన గుమ్మము వఱకు వచ్చినది. రాజస్థానము మీదుగా వచ్చిన ఎడారి మిడుతలు మధ్యప్రదేశమును దాటి, మహారాష్ట్రములోని అమరావతి, వార్ధా, నాగపూరు జిల్లాలలో దిగినవి. తెలంగాణపు సరిహద్దు జిల్లాలలో హెచ్చరికలు వెలువడినవి. దండు మనవైపు తిరుగలేదు. తిరుగలేదు గనుక మనము దానిని త్వరలోనే మఱచితిమి. ఆపద దూరమున నున్నప్పుడే దాని స్వభావమును తెలిసికొనుట రైతునకు మేలు. కావున ఆ దండు ఎట్లు పుట్టును, ఏ నియమమున నడచును, ఇఱుకు చోట దాని నడక యెట్లు మాఱును అను సంగతులను ఈ మాసమున సభ్యుల యెదుట నుంచుచున్నాము.

మందను నడపునది యెవరు?

మొదట మనకు తెలిసిన దానితో నారంభింతము. బీటిలో విడివిడిగా మేయు గొఱ్ఱెలు ఒక్కొక్కటి ఒక్కొక్క దిక్కునకు పోవును. వానినే దొడ్డిలో క్రిక్కిఱియ నిలిపిన పిమ్మట ఒకటి ద్వారము వైపు కదలెనేని, ప్రక్కది కదలును. దాని ప్రక్కది కదలును. నిమిషములో మంద యంతయు ఒకే దారి పట్టును. చూచువానికి మంద కంతటికి ఒకే మనస్సున్నట్లు తోచును. నిజమునకు ఏ గొఱ్ఱెయు మంద నంతను చూడలేదు. తన చుట్టునున్న నాలుగింటిని మాత్రమే అది యెఱుగును.

మిడుతల దండును చూచినవారు కూడ పూర్వము దానికొక రాజున్నాడనియో, ముందు నడచు మిడుతలు త్రోవ చూపుననియో తలచెడివారు. దండునకు నాయకుడు లేడని నేటి శాస్త్రజ్ఞులు నిశ్చయించినారు. నాయకుడు లేని గుంపునకు క్రమ మెట్లు కలిగినది? ఈ ప్రశ్నకు గత ముప్పది సంవత్సరములలో లభించిన సమాధానములే యీ వ్యాసమునకు ముఖ్య విషయము.

ఒకే పురుగునకు రెండు రూపములు

ఎడారి మిడుత ఎల్లప్పుడును దండుగా నుండదు. వర్షములు మామూలుగా నున్న సంవత్సరములలో అది ఒంటరిగా బ్రదుకును. అప్పుడు దాని రంగు ఆకుపచ్చగనో బూడిదవన్నెగనో యుండును; తోటి మిడుతను చూచిన దూరముగా తొలగిపోవును; ఎగురవలసి వచ్చిన రాత్రివేళ ఎగురును. దండు కట్టినప్పుడు పిల్ల మిడుతలు పసుపు నలుపు చారలతో నుండును. రెక్కలు వచ్చినవి మొదట గులాబివన్నెతోను, ముదిరిన పిదప పసుపువన్నెతోను ఉండును. పగటివేళ ఒకదానితో నొకటి కలిసి ఎగురును. ఈ రెండును వేఱు వేఱు జాతులని పూర్వులు భావించిరి. కొన్ని మిడుతలలో ఈ రెండు రూపములును ఒకే జాతివని 1921వ సంవత్సరమున బోరిస్ ఉవరోవ్ అను పండితుడు ప్రకటించెను.

ఒంటరి పురుగును దండు పురుగుగా మార్చునది ఇఱుకు. వర్షము పడినప్పుడు ఇసుక నేలలలో పచ్చిక మొలచును. మిడుతలు గ్రుడ్లు పెట్టి విస్తరించును. పిదప ఎండ ముదిరి పచ్చిక కొన్ని మడులలో మాత్రమే మిగులును. వేయి యెకరములలో చెదరియున్న పురుగులు తిండికొఱకు పది యెకరములలో చేరవలసి వచ్చును. అచ్చట గోడ లేదు, కంచె లేదు. అయినను ఆ పచ్చని మడియే వానికి దొడ్డి యగును. అచ్చట ఒకదాని వెనుక కాలికి మఱియొకటి మాటిమాటికి తగులుచుండును. 2001వ సంవత్సరమున ఆక్స్‌ఫర్డు పరిశోధకులు ఒంటరి మిడుత వెనుక తొడను సన్నని కుంచెతో కొన్ని గంటల పాటు తాకుచు వచ్చిరి. అంతమాత్రముననే తోటివానికి దూరముగా పోవు ఆ మిడుత గుంపును కోరునదాయెను. ఈ మార్పునకు కారణము మిడుత నాడులలో సెరటోనిన్ అను పదార్థము పెరుగుటయే యని 2009వ సంవత్సరమున కనుగొనిరి.

పళ్లెములో నడచిన దండు

ఇక నడక మాట. రెక్కలు రాని పిల్ల మిడుతలు నేలమీద బారులు తీరి, త్రోవలోని పచ్చని దాని నెల్ల తినుచు, దినమునకు వందల గజములు, ఒక్కొక్కప్పుడు మైలు దూరము నడచును. ఎడారిలో వాని వెంట తిరిగి లెక్కించుట కష్టము. కావున 2006వ సంవత్సరమున జెరోమ్ బూల్, ఇయాన్ కజిన్, స్టీఫెన్ సింప్సన్ మున్నగు పరిశోధకులు ఒక చిన్న యుపాయము చేసిరి. సుమారు 80 సెంటిమీటర్ల వెడల్పు గల గుండ్రని పళ్లెము వంటి ఆవరణమును కట్టి, నడుమ ఒక బుడిపె నుంచిరి. అందుచేత పురుగులు నడచుటకు గానుగ చుట్టు ఎద్దు తిరుగు బాట వంటి వలయము మాత్రమే మిగిలెను. అందులో పిల్ల మిడుతలను విడిచి ఎనిమిది గంటల కాలము వాని నడకను చిత్రములుగా పట్టిరి.

రెండు మొదలు ఏడు వఱకు మిడుతలున్నప్పుడు ఎవ్వాని దారి వానిదే. కలిసి నడచుట అరుదు. పది మొదలు ఇరువదియైదు వఱకు ఉన్నప్పుడు చాలసేపు అన్నియు ఒకే వైపు తిరిగినవి. కాని ఉన్నట్లుండి గుంపంతయు వెనుకకు మరలి రెండవ వైపు తిరిగెడిది. ముప్పది గాని, అంతకు మించి గాని ఉన్నప్పుడు కొలది కాలములోనే అన్నియు ఒక దిక్కు పట్టి, ఎనిమిది గంటలును ఆ దిక్కు విడువక నడచినవి. చదరపు మీటరునకు సుమారు 74 మిడుతలు చేరిన పిమ్మట గుంపు తనంతట తాను మరలుట లేదన్నమాట.

ఇందు రైతు గమనింపవలసిన దేమనగా, క్రమము కొంచెము కొంచెముగా పెరుగలేదు. ఒక మేర వఱకు లేదు. ఆ మేర దాటగనే త్వరితముగా వచ్చినది. చెఱువు గట్టు నీటిని నిలుపునంతసేపు నిలిపి, గండి పడినప్పుడు ఒక్కసారిగా విడుచునట్లు దీని రీతి యున్నది. పురుగులు పలుచగా నున్నప్పుడు వానిని చెదరగొట్టుట తేలిక. మేర దాటిన పిమ్మట దండును మరల్చుట కష్టము.

ప్రాణము లేని వస్తువులును ఇట్లే నడచును

ఇది మిడుతల తెలివియా, లేక లెక్కలోని స్వభావమా? బుడాపెస్టు నగరపు టామస్ విచెక్ అను భౌతిక శాస్త్రజ్ఞుడును అతని తోడివారును 1995వ సంవత్సరమున గణనయంత్రముపై కొన్ని చుక్కలను నడపి చూచిరి. ప్రతి చుక్కయు ఒకే వేగమున పోవుచు, తన చుట్టుపట్లనున్న చుక్కల దిక్కుల సగటును తన దిక్కుగా గ్రహింపవలెను. అందు కొంత పొరపాటు కూడ కలుపబడును. చుక్కలు పలుచనై, పొరపాటు ఎక్కువైన, గందరగోళమే. చుక్కలు చిక్కనై, పొరపాటు తక్కువైన, అన్నియు ఒకే దిక్కునకు సాగినవి. చుక్కకు మనస్సు లేదు; నియమమొక్కటే యున్నది.

మన దేశమునందును ఇట్టి పరీక్ష జరిగినది. బెంగుళూరులోని భారత విజ్ఞాన సంస్థలో చిన్న ఇత్తడి కడ్డీలను, ఒక కొన సన్నముగను మఱియొక కొన లావుగను చేసి, అల్యూమినియపు పూసల నడుమ నుంచి, అడుగు పళ్లెమును అదరగొట్టి చూచిరి. అదురుచేత ప్రతి కడ్డీయు తన కొన వైపునకు తానే నడచును. కడ్డీలు కొన్నియే యైనను, నడుమ పూసలు చాలినన్ని యున్న, దూర దూరముననున్న కడ్డీలు సైతము ఒకే దిక్కు పట్టినవి. ఒక కడ్డీ త్రోసిన పూసలు మఱియొక కడ్డీని త్రిప్పినవి. 2014వ సంవత్సరమున ఈ పనిని ప్రకటించిన వారిలో నొకరగు శ్రీరామ్ రామస్వామిగారు ఆ కాలమున హైదరాబాదులోని టాటా మౌలిక పరిశోధన సంస్థ శాఖకు అధిపతిగా నుండిరి.

గోడ చేయు పని

ఇచ్చట రైతునకు మిక్కిలి ఉపయోగమైన సంగతి యొకటి కలదు. గోలీకాయను గోడకు విసరిన అది మరల వెనుకకు వచ్చును. తనంతట తాను నడచు వస్తువు అట్లు రాదు. అది గోడను తాకి, గోడ వెంబడియే సాగును. కావుననే ఇట్టి వస్తువులను మూసిన పళ్లెములో విడిచిన, నడుమ ఖాళీయై అంచున గుమిగూడును. ఫ్రాన్సు దేశమున 2010వ సంవత్సరమున నడచు బిళ్లలతో పరీక్ష చేసినవారు ఈ చిక్కు తొలగించుకొనుటకు పళ్లెపు అంచును పూరేకుల వలె వంపులు వంపులుగా కట్టవలసి వచ్చెను. ఆ వంపులలో దూరిన బిళ్లలు మరల లోపలికి మళ్లింపబడినవి. అంచు రూపము మార్చిన గుంపు నడక మాఱునని దీనివలన తేలినది.

ఈ లెక్కలేవియు తెలియని కాలముననే సైప్రసు ద్వీపపు రైతులు ఈ స్వభావమును వాడుకొనిరి. 1880 తరువాతి సంవత్సరములలో అచ్చట మత్తెయి అను నతడు కనిపెట్టిన పద్ధతిని అమలు జరిపిరి. పిల్ల మిడుతల దండు వచ్చు దారికి అడ్డముగా పొడవైన గుడ్డ తెఱలు నిలిపెడివారు. తెఱ పై అంచున నునుపైన మైనపుగుడ్డ పట్టీ కుట్టబడి యుండును. పురుగు గుడ్డపై ప్రాకి, పట్టీ చేరగనే కాలు జాఱి క్రింద పడును. ఎక్కలేని దండు తెఱ వెంబడి నడచును. నడచు దారిలో అక్కడక్కడ గోతులు త్రవ్వి, వాని అంచులకు రేకు బిగించియుందురు. గోతిలో పడినది మరల పైకి రాలేదు. తోలువాడు లేకయే దండు తన నడకతో తానే గోతిలో పడెడిది.

గోయి లేని తెఱ, లేక ఊరి చివర ముగియు తెఱ, ఏమి చేయును? ఆలోచింపుడు. అది దండును ఆపదు. పొరుగువాని పొలమునకు త్రోవ చూపును. తెఱ కట్టినవాని చేను దక్కును, తెఱ ముగిసిన చోటి చేను పోవును. ఈ పని ఒక్కని వలన కాదనుటకు ఇంతకు మించిన నిదర్శన మక్కఱలేదు.

ఏల ఆగక నడచును?

పిల్ల మిడుతలు ఆగక నడచుటకు మఱియొక కారణము కలదు. అది స్నేహము కాదు, భయము. మాంసకృత్తులు, ఉప్పు చాలని మిడుత తన ముందున్నదానిని కొఱుకును. వెనుకనుండి వచ్చునది కొఱుకునేమో యని ప్రతి మిడుతయు ముందుకు జరుగును. ముందున్నది తనకు తిండి గావున దానిని వెంబడించును. 2008వ సంవత్సరపు పరీక్షలో వెనుక వైపు స్పర్శ తెలియకుండునట్లు నాడిని కోసిన మిడుతలు తక్కువగా నడచినవి. తోటి వానికి ఎక్కువగా ఆహారమైనవి. దూరమునుండి చూచువారికి క్రమశిక్షణ గల సేన వలె తోచునది, దగ్గఱగా చూచిన, ఒకరి నొకరు తరుముకొను ఆకలి గుంపు.

సరిదిద్దబడిన మాట

శాస్త్రము తన మాటను తానే సరిదిద్దుకొనుచుండును. సభ్యులకు ఆ దిద్దుబాటును కూడ చెప్పుట మా విధి. 2020వ సంవత్సరమున కెన్యా దేశమున దండ్లు నడచుచున్నప్పుడు జర్మనీలోని కాన్‌స్టాంజ్ నగర పరిశోధకులు అచ్చటికి పోయి నిజమైన దండ్లనే పరీక్షించిరి. తరువాత ప్రయోగశాలలో మిడుతకు కుడియెడమల బొమ్మ దండ్లను నడుచునట్లు చూపిరి. మిడుత సగటు దిక్కును గ్రహించునదే యైనచో, ఆ రెండు దండ్లతో సమముగా ముందుకు నడువవలెను. అది అట్లు చేయక, ఏదో యొక దండు వైపునకు తిరిగినది. 2025వ సంవత్సరమున ప్రకటింపబడిన ఈ పరిశోధన వలన, మిడుత ప్రాణము లేని చుక్క వలె సగటు లెక్క వేయుట లేదనియు, కంటికి కనబడిన తోటి మిడుతలలో నొకదానిని గుఱిగా పెట్టుకొని దానివైపు పోవుననియు, సంఖ్య కన్న కంటికి అందు సమాచారమే ముఖ్యమనియు వారు నిర్ణయించిరి.

అట్లయిన వలయపు పరీక్ష అబద్ధమా? కాదు. ఇఱుకైన వలయములో ముందున్నదాని వైపు తిరిగినను, సగటు దిక్కు పట్టినను, కనబడు ఫలము ఇంచుమించు ఒకటే. చూచినది సరియే, దానికి చెప్పిన కారణము మాఱినది. అంచు వెంట నడచుట, గోతిలో పడుట అను అనుభవమునకు దీనివలన లోపము లేదు.

మన పొలములలో దీని ప్రయోజనము

ఎడారి మిడుత గ్రుడ్లు పెట్టి పిల్లలను చేయుట పడమటి ఇసుక భూములలోనే విశేషము. మన ప్రాంతమునకు వచ్చిన, రెక్కల దండుగా రావచ్చును. ఒక చదరపు కిలోమీటరు దండులో నాలుగు మొదలు ఎనిమిది కోట్ల మిడుతలుండును. ఒక్కొక్కటి దినమునకు తన బరువంత, అనగా సుమారు రెండు గ్రాముల పచ్చి మేత తినును. 1926 మొదలు 1931 వఱకు సాగిన దండయాత్రలో మన దేశమున సుమారు పది కోట్ల రూపాయల పంట పోయినట్లు అంచనా వేసిరి. ఆ నష్టమును చూచిన పిమ్మటనే 1939వ సంవత్సరమున మిడుతల హెచ్చరిక సంస్థ యేర్పడినది.

రెక్కల దండునకు గోయి అడ్డు కాదు. అయినను పైన చెప్పిన నీతి ఇచ్చటను వర్తించును. 2020వ సంవత్సరమున అనేక గ్రామములలో పళ్లెములు, డప్పులు వాయించి దండును లేపిరి. లేచిన దండు చావలేదు. ప్రక్క యూరిలో దిగినది. తెఱకు గోయి లేనట్లే, చప్పుడునకు మందు తోడు లేకున్న అది పొరుగువానికి అపకారమే. దండు సాయంకాలము చెట్లపైనను పైరుపైనను దిగి, మఱునాడు ఎండ వేడెక్కు వఱకు కదలక యుండును. ఆ రాత్రి, తెల్లవారుజాము కాలమే మందు చల్లుటకు అనువైనది. ఆ సంవత్సరము అధికారులు ట్రాక్టరులతోను, అగ్నిమాపక బండ్లతోను, డ్రోనులతోను మందు చల్లినది ఆ వేళలయందే.

నేలమీద నడచు పురుగు మనకు క్రొత్తది కాదు. అనంతపురము వైపు వేరుసెనగ రైతులకు ఎఱ్ఱ గొంగళిపురుగు బాగుగా తెలియును. తొలకరి వానల పిమ్మట పుట్టిన ఆ పురుగులు ఒక చేనిని మోడు చేసి గుంపులుగా మఱియొక చేనికి నడచును. చేని చుట్టు నిట్రముగా కందకము త్రవ్వి వానిని అందులో పడవేయుట అచ్చటి రైతులు ఎఱిగిన పద్ధతియే. గొంగళిపురుగు మిడుత కాదు; దాని నడక నియమము వేఱు కావచ్చును. కాని రెక్కలు లేక నడచు గుంపునకు అంచే ముఖ్యమను మాట రెండింటికిని చెల్లును.

కావున సభ్యులకు మా మనవి యిది:

1. పురుగు పలుచగా నున్నప్పుడే వ్యవసాయాధికారికిని సంఘమునకును తెలుపవలెను. గుంపు కట్టిన పిమ్మట తెలుపుట గండి పడిన పిమ్మట మట్టి తెచ్చుట వంటిది.

2. కందకము త్రవ్వవలసి వచ్చిన, ఒక చేనికి గాక, పొలిమేర పొడవున అందఱు కలిసి ఒకే దినమున త్రవ్వవలెను. గట్లు నిట్రముగా నుండవలెను. వాలు గట్టు పురుగునకు మెట్ల వంటిది.

3. రెక్కల దండును చప్పుడుతో తోలక మునుపు, అది దిగిన చోటును, వేళను అధికారులకును పొరుగు గ్రామములకును కబురంపవలెను.

4. మందు చల్లిన చోట చచ్చిన పురుగులను కోళ్లకు వేయరాదు, మనుష్యులు తినరాదు. పశువులను కొన్ని దినములు ఆ మేతకు పోనీయరాదు.

5. మందు చల్లు పనిముట్లను సంఘము తరపున కొని, వరుస క్రమమున సభ్యులకు ఇచ్చు ఏర్పాటును వచ్చు సర్వసభ్య సమావేశమున చర్చింపవలెను.

మిడుత తన ప్రక్కదానిని మాత్రమే చూచును. ఊరి నంతను చూడలేదు. అయినను అట్టివి కోట్లు కలిసి ఊళ్లను మ్రింగుచున్నవి. మనకు ప్రక్క పొలమునే గాక ప్రక్క యూరిని, వచ్చు సంవత్సరమును కూడ చూచు శక్తి కలదు. పొలిమేర వద్ద మన కందకమును పొరుగూరి కందకముతో కలుపుట ఆ శక్తిని వినియోగించుటయే. చదువరులు ఈ వ్యాసమును చదువనేరని సభ్యులకు చదివి వినిపింపవలెనని కోరుచున్నాము.